మాథేరాన్ అడవిబాట – పిల్లలతో నడువవలసిన ఒక పాఠము

కరక్కాయను ఎరుగని వర్తక కుటుంబము మనలో లేదు. పచారీ కొట్టు నడిపేవారికి అది డబ్బాలో నిలువ ఉండే సరకు. మూలికల అంగడివారికి త్రిఫలచూర్ణములో తానికాయ, ఉసిరికాయలతో పాటు మూడవ భాగస్వామి. నూలుబట్టల వ్యాపారమున్న ఇండ్లలో పెద్దవారికి అద్దకపు దినుసు. దగ్గు వచ్చిన పిల్లవాని బుగ్గన కరక్కాయ ముక్క పెట్టని అవ్వ ఉండదు. ఇంత పరిచయమున్న ఈ కాయను కాసే చెట్టును మన పిల్లలలో చూచినవారెందరు? సోలాపురములో, పూనాలో, ముంబయిలో, బళ్ళారిలో, బెంగుళూరులో, చెన్నపట్నములో, బరంపురములో పుట్టి పెరుగుతున్న పిల్లలకు కరక్కాయ గోనెసంచిలో పుట్టి తక్కెడలో పెరుగుతుంది. కొందరికి ఆ పేరు కూడ జారిపోయినది. మహారాష్ట్రములోని పిల్లవాడు దానిని హిర్డా అంటాడు. తమిళదేశములోని పిల్ల కడుక్కాయ్ అంటుంది. ఇంట్లో అవ్వ "కరక్కాయ తీసుకురా నాయనా" అంటే ఏ డబ్బా మూత తీయవలెనో తెలియక నిలబడతారు.

ఈ కొరత తీరుటకు పుస్తకము కంటె ఒక పూట నడక మేలు. అందుకు అనువైన చోట్లు అనేకము ఉన్నవి. ఇక్కడ ఒకదానిని మాత్రమే తీసుకొని పాఠముగా చెప్పదలచినాను. అది ముంబయి, పూనా నగరముల నడుమ పడమటి కనుమల వరుసలో ఉన్న మాథేరాన్ కొండ. మహారాష్ట్రములోని మనవారిలో చాలమంది అక్కడికి వెళ్ళినవారే. వెళ్ళి గుఱ్ఱమెక్కి, సూర్యాస్తమయము చూచి, చిక్కీ పొట్లములు కొనుక్కొని తిరిగివచ్చినారు. అది తప్పని అనను. కాని మోటారు బండ్లు ఆగిపోయే దస్తూరి నాకా నుండి బజారుదాకా ఉన్న సుమారు రెండున్నర కిలోమీటర్ల బాటలోనే ఒక సంవత్సరమునకు చాలిన పాఠము ఉన్నది. దానిని గుఱ్ఱముమీదనుండి చదువుటకు వీలులేదు.

మరాఠీలో "మాథే" అనగా నుదురు, తల. "రాన్" అనగా అడవి. కొండనెత్తిన అడవి యని పేరులోనే చెప్పియున్నది. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తు. 1850 మే నెలలో ఠాణా జిల్లా కలెక్టరు హ్యూ మాలెట్ ఈ కొండ నెక్కి, దీని సంగతి లోకమునకు తెలిపినాడు. కొండమీదివారు, కొండక్రిందివారు దీనిని అంతకుముందే ఎరిగినవారే యని వేరే చెప్పనక్కరలేదు గదా. నేరల్ స్టేషను నుండి పైకి రెండడుగుల వెడల్పు పట్టాలమీద నడిచే చిన్న రైలు 1907లో ప్రారంభమైనది. దానిని నిర్మింపజేసినవారు బొంబాయి వ్యాపారస్థులైన ఆదమ్‌జీ పీర్‌భాయ్ గారి కుటుంబము. పట్టాల పొడవు సుమారు 21 కిలోమీటర్లు. 2019 వర్షాలలో దారి కొట్టుకొనిపోగా, 2022 అక్టోబరులో నేరల్ నుండి పూర్తి ప్రయాణము మరల మొదలైనది.

2003లో కేంద్రప్రభుత్వము మాథేరాన్‌ను, చుట్టుప్రక్కల ప్రాంతమును పర్యావరణరీత్యా సున్నితమైన మండలముగా ప్రకటించినది. ఆంబులెన్సు వంటివి తప్ప మోటారు వాహనములు దస్తూరి దాటి లోనికి రావు. నడక, గుఱ్ఱము, మనుష్యులు లాగే రిక్షా – చిరకాలము ఇవే అక్కడి సాధనములు. 2022 డిసెంబరులో విద్యుత్తు రిక్షాలను ప్రయోగముగా ప్రవేశపెట్టినారు. మనిషిని మనిషి లాగే రిక్షాను ఆరు నెలలలో మాన్పించవలెనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఎఱ్ఱమట్టి ఎత్తుపల్లాలలో బరువైన ఆసాములను కూర్చోబెట్టుకొని ముందొకడు, వెనుకొకడు చెమటలు కార్చుచు పోవుట చూచినవారెవరికీ ఆ తీర్పు తొందరపాటుగా తోచదు.

ప్రయాణపు సంగతి క్లుప్తముగా చెబుతాను. ముంబయి నుండి కర్జత్ వైపు పోయే లోకల్ బండి నేరల్‌లో ఆగుతుంది. అక్కడినుండి చిన్నరైలులో గాని, అద్దె కారులో గాని పైకి పోవచ్చును. వానకాలములో చిన్నరైలు క్రిందిభాగమున నడువదు. దస్తూరి వద్దనున్న అమన్ లాడ్జి స్టేషను నుండి మాథేరాన్‌కు మాత్రము నడుస్తుంది. పిల్లలతో పాఠమునకైతే కార్తికము మొదలు మాఘముదాకా మంచి కాలము. వర్షాలలో అడవి మహా అందముగా ఉంటుంది, కాని రాళ్ళు నాచు పట్టి జారుతవి, కొండ అంచున మబ్బు క్రమ్మి పది అడుగుల ముందు ఏమున్నదో కనపడదు. పొద్దు గుంకకముందే భోజనము ముగించే ఇండ్లవారు తెల్లవారుజామునే బయలుదేరి, ఎనిమిది గంటలకల్లా బాటమీద ఉంటే, సాయంకాలము హడావుడి ఉండదు.

నడక కష్టమైనది కాదు. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు, అరువది దాటిన తాతగారు కలిసి నడువగలరు. కాని బాట సమతలము కాదు. పట్టాలవెంట కంకర, వేళ్ళు, గుంటలు ఉంటవి. కాలికి పట్టిన బూట్లు వేసుకొనవలెను. తెల్లబట్టలు వద్దు, అక్కడి ఎఱ్ఱధూళి ఏ సబ్బుకూ లొంగదు. పట్టాల ప్రక్కన నడిచేటప్పుడు షటిల్ రైలు వచ్చే చప్పుడు వినబడితే పిల్లలను దూరముగా నిలుపుకొనండి. తినుబండారములను మూతిబిగించిన సంచిలో ఉంచవలెను. చేతిలో పొట్లము కనబడితే కోతులు మొగమాటపడవు. వాటికి పెట్టుట దయ యని కొందరి తలంపు. పెట్టినకొద్దీ అవి అడవిలోని కాయలు వదలి మనుష్యుల సంచులమీద పడుట నేర్చుకొన్నవి. కఱ్ఱదెబ్బలు తినేది కూడ అవే. పెట్టకపోవుటయే వాటికి మేలు.

ఒక భూతద్దము, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును. ఆకులు, పూలు కోయవలసిన పని లేదు. ఈ పాఠమంతా రాలినవాటితోనే జరుగుతుంది. అడవిలో రాలినది చూచుటకు చాలినంత ఎప్పుడూ ఉంటుంది, పైగా రాలిన ఆకును ఎంతసేపు త్రిప్పి చూచినా ఎవరికీ నష్టము లేదు. చూచిన తరువాత దానిని కూడ అక్కడనే వదలి రావలెను.

పెద్దవారికి ఒక్క మాట. చెట్టు కనబడగానే పేరు చెప్పవద్దు. పేరు చెప్పగానే పిల్లవాడు చూచుట మానివేస్తాడు. ముందు చూడనివ్వండి, తాకనివ్వండి, రాలిన ఆకును నలిపి వాసన చూడనివ్వండి, "ఇది మన కొట్టులోదేనా తాతగారూ?" అని వాడే అడిగేదాకా ఆగండి. పేరు అప్పుడు చెబితే జన్మలో మరువడు.

మొదటి పాఠము కాళ్ళ క్రిందనే ఉన్నది. దస్తూరి దాటగానే మట్టి ఇటుకరంగులో ఉంటుంది. కొండచరియ తెగినచోట చూస్తే క్రింద నల్లరాయి, పైన చిల్లులుపడిన ఎఱ్ఱరాయి. ఆ నల్లరాయి సుమారు ఆరుకోట్ల అరువది లక్షల ఏండ్లనాడు భూమిని చీల్చుకొని పొంగిన ద్రవశిల చల్లారి గట్టిపడినది. మహారాష్ట్రములో చాలభాగము దానితోనే కప్పబడియున్నది. యానాము పాఠకులకు ఇది దూరపు ముచ్చట కాదు: రాజమహేంద్రవరమువద్ద కాతేరు, గోదావరి కావల పంగిడి ప్రాంతములలో ఉన్న నల్లరాయి కూడ ఆ ప్రవాహములలోనిదే యనీ, పడమటినుండి అంతదూరము పారివచ్చినదనీ భూగర్భశాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము.

నల్లరాయి ఎఱ్ఱగా ఎట్లు మారినది? లక్షల ఏండ్లుగా వానలు కురిసి, ఎండలు కాసి, రాతిలో నీటికి కరిగే పదార్థములన్నీ కొట్టుకొనిపోయినవి. కరుగనివి రెండు మిగిలినవి. ఒకటి ఇనుము, తుప్పురూపములో, ఎరుపు దానిదే. రెండవది అల్యూమినియము, ఇది కంటికి కనబడదు. ఇటువంటి రాతికి లాటరైటు అని పేరు. 1807లో బుకానన్ అనే పండితుడు కేరళదేశములో దానిని ఇటుకలుగా కోసి ఇండ్లు కట్టుట చూచి, లాటిను భాషలో ఇటుకకు ఉన్న మాటనుబట్టి ఆ పేరు పెట్టినాడు. పిల్లలు ఒక చిన్నరాయిని భూతద్దముతో చూచి, ఇనుము, అల్యూమినియము అని పుస్తకములో వ్రాసుకొనవలెను. ఈ రెండు మాటలు మరల వస్తవి.

కొంతదూరము పోయిన తరువాత చెట్లు బాటకు ఇరుప్రక్కల దగ్గరపడి నీడ చిక్కబడుతుంది. ఈ కొండమీద, మహాబలేశ్వరములో, భీమశంకరములో ఒకే తరహా అడవి. అటవీశాస్త్రజ్ఞులు దానికి అందులో ముఖ్యమైన చెట్లపేర్లే పెట్టినారు. మన భాషలో చెప్పవలెనంటే అల్లి–నేరేడు అడవి. గాలి తాకిడికి, మట్టి పలుచనగుటకు తోడు ఏటేటా భారీవర్షము. అందుచేత చెట్లు ఆకాశమునంటవు, వంకరలు తిరిగి గుబురుగా ఉంటవి.

నేరేడును పండ్లకాలములో ఎవరైనా గుర్తుపడతారు. క్రింద నేల, పిల్లల నోరు రెండూ ఊదారంగులో ఉంటవి. చలికాలములో ఎట్లు? రాలిన ఆకును ఎత్తి సూర్యునికి అడ్డముగా పట్టండి. నడిమి ఈనె నుండి సన్నని ఈనెలు దగ్గరదగ్గరగా బయలుదేరి, అంచుదాకా పోక, అంచుకు కొద్దిగా లోపల ఒక గీతలో కలిసిపోతవి. చీరె అంచువలె ఆకుచుట్టూ ఆ గీత సాగుతుంది. నలిపితే ఘాటైన వాసన. ఇక ప్రక్కనే పడియున్న మరొక ఆకును ఎత్తి అట్లే పట్టి చూడండి. దళసరిగా, తోలువలె, నునుపుగా ఉంటుంది. నడిమి ఈనె తప్ప తక్కిన ఈనెలు కనబడీ కనబడనట్లు ఉంటవి. కొమ్మమీద చూస్తే ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటవి. అది అల్లి ఆకు. రెండాకులను ఇట్లు వెలుతురులో పోల్చిన పిల్లవానికి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. దారిపొడవునా వాడే చెబుతాడు, కొంతసేపటికి మనకు విసుగు పుట్టేదాకా చెబుతాడు.

అల్లిని మరాఠీవారు అంజన, అంజనీ అంటారు. వసంతములో కొమ్మలనంటిపెట్టుకొని నీలపుపూలు గుత్తులుగుత్తులుగా పూస్తుంది. అంత నీలము మన చెట్లలో అరుదు. కాని వర్తకుల పిల్లలకు చెప్పవలసినది పూవు సంగతి కాదు, ఆకు సంగతి. పూర్వము కోరమండల తీరమున ఎఱ్ఱరంగు అద్దేవారు చిరివేరు కాగులో అల్లి ఆకును కూడ వేసేవారు. ఎందుకు వేసేవారో వారికి రసాయనశాస్త్రము చెప్పలేదు. రంగు బాగా పట్టుతుందని అనుభవము చెప్పినది. ఇప్పుడు కారణము తెలిసినది. అల్లి జాతి చెట్లు మట్టిలోని అల్యూమినియమును వేళ్ళతో పీల్చి ఆకులలో కూడబెట్టుకొంటవి. చాల మొక్కలకు అది విషతుల్యము; ఇవి మాత్రము దానిని దాచుకొని హాయిగా బ్రతుకుతవి. నూలుకు రంగు నిలువవలెనంటే నూలును, రంగును కలిపిపట్టే వస్తువు ఒకటి నడుమ కావలెను. మన అద్దకమువారు దానికి పటికను వాడతారు. పటికలో ఆ పనిచేసేది అల్యూమినియమే. అంటే అల్లిచెట్టు తన ఆకులో పటికపని చేసే దినుసును తయారుగా ఉంచినదన్నమాట. పుస్తకములో వ్రాసుకొన్న రెండవమాటను పిల్లలచేత ఇప్పుడు మరల చదివించండి.

చిరివేరు ఏమైనదని అడిగితే అదీ చెప్పవలెను. ఆ వేరులో ఎరుపునిచ్చే పదార్థమును జర్మనీలో 1868లో కృత్రిమముగా తయారుచేసినారు. మరుసటి ఏడే దానిని పెద్దయెత్తున చేసే పద్ధతులకు పేటెంట్లు పుట్టినవి. చౌకరంగు డబ్బాలలో వచ్చిన తరువాత చిరివేరు త్రవ్వేవారు, అల్లి ఆకు ఏరేవారు క్రమముగా ఆ పని మానినారు. చిరివేరుతో పాటు అల్లి ఆకు కూడ సరకుల చిట్టానుండి తొలగిపోయినది; పేరు కూడ దానితోనే చాల ఇండ్లలో పోయినది. మన తరములో ఎందరు అల్లిచెట్టును చూచి అల్లి యనగలరో లెక్కపెట్టి చూడండి.

కరక్కాయ మాత్రము అట్లు పోలేదు, మందుగా నిలిచినది. ఈ బాటలో ఆ చెట్టు అల్లి, నేరేడులంత దట్టముగా ఉండదు, కొంచెము వెదుకవలెను. వెదికే పద్ధతి సులువు. చలికాలములో నేలమీద చూడండి. ఆకుపచ్చ–పసుపు కలిసిన నునుపైన కాయలు, కొన్ని ఎండి ముడుచుకొని, అయిదు కోణములు తేలి, నల్లబారి పడియుంటవి. ఎండిన కాయను చేతికిచ్చిన క్షణమున పిల్లవాని ముఖము చూడవలెను. కొట్టులో నిత్యము చూచే సరకు, ఎవరూ తూకము వేయకుండ, వెల చెప్పకుండ, నేలమీద ఊరక పడియున్నది! అప్పుడు తల పైకెత్తుతాడు. చెట్టును మొదటిసారి చూచేది అప్పుడే.

ఆకును గుర్తుపట్టుటకు ఒక గుర్తు కలదు. ఆకుకాడ ఆకును కలిసేచోట, ఇరువైపుల రెండు చిన్న బొడిపెలు ఉంటవి. భూతద్దముతో చూస్తే స్పష్టము. బెరడు ముదురు గోధుమవన్నె, పగుళ్ళు పగుళ్ళుగా. మాఘఫాల్గుణములలో ఆకు రాల్చుతుంది.

కాయ ఇంత వగరుగా ఎందుకున్నది? ఎండిన కాయ బరువులో నూటికి ముప్పైపాళ్ళ వరకు టానిను అనే పదార్థము ఉంటుంది. పురుగు కొరికినా, బూజు పట్టబోయినా, వాటి మాంసకృత్తులను ఇది గట్టిగా పట్టుకొని ముడుచుకొనేట్లు చేస్తుంది. చెట్టుకు అది కవచము. మన నాలుక ముడుచుకొనుట కూడ అదే పని; లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొనుటవలన నోరు ఎండినట్లగును. తోళ్ళు పదునుచేసేవారికి కరక్కాయ కావలసివచ్చినది ఈ గుణముచేతనే. ఆ వాడకము మన ఇండ్లలో ప్రస్తావించుకొనదగినది కాకపోయినా, ఈ కాయను ఓడలకెక్కించి విదేశములకు పంపినది చాలవరకు ఆ గిరాకీయే.

ఆ ఎగుమతి వర్తకములో కరక్కాయకు రేవులపేర, ఊళ్ళపేర రకములు ఏర్పడినవి. జబ్బల్పూరు రకము ఒకటి. కొంకణ తీరపు వెంగుర్లా రేవుపేర ఒకటి. విశాఖపట్టణము ప్రక్కనున్న మన భీమునిపట్నము రేవుపేర "భీమ్లీలు" అని ఇంకొకటి. ఎక్కడో లండను దళారి పుస్తకములో ఒక తెలుగు ఊరిపేరు కరక్కాయకు పర్యాయపదముగా కూర్చున్నది! భీమునిపట్నము ఓడరేవుగా వెలిగిన రోజులు పోయినవి. పిల్లలకు భూగోళపటము తీసి వెంగుర్లా ఇటు, భీమునిపట్నము అటు చూపి, ఆ రెండింటి నడుమనున్న అడవులలో ఈ కాయ ఏరినవారెవరై ఉందురో ఆలోచించమని అడగండి.

ఆ ప్రశ్నకు జవాబు మాథేరాన్ కొండక్రింద కూడ దొరకుతుంది. ఠాకరులు, కాత్కరీలు అనే అడవిజనులు ఈ కొండల చుట్టూ ఉన్నారు. కాత్కరీలకు ఆ పేరు కాథ్ నుండి వచ్చినది. కాథ్ అనగా తాంబూలములో వేసుకొనే కాచు. సండ్రచెట్టు చేవను ముక్కలుగా నరికి, నీటిలో ఉడికించి, ఆ కషాయమును గట్టిపరచి తీసేది. ఒక సరకుపేర ఒక కులమే వెలసినది. ఆ సరకును కొన్నవాడు, అమ్మినవాడు పెరిగినంత, చేసినవాడు పెరుగలేదని కూడ పిల్లలకు చెప్పవచ్చును. వినదగిన వయస్సు వచ్చినవారికి తప్పక చెప్పవలెను.

వాలులమీద, చెట్లక్రింద గరుకైన పెద్దఆకులతో గుబురుగా పెరిగే పొద కనబడుతుంది. దాని పేరు కార్వీ. ఏడేండ్లు ఆకులు మాత్రమే వేసి, ఎనిమిదవ ఏట వానలు వెనుకబట్టే వేళ కొండంతా ఒక్కసారి ఊదారంగున పూచి, విత్తులు రాల్చి చనిపోతుంది. ఒక్కొక్క ప్రాంతమునకు దాని లెక్క దానిదే. ముంబయి బోరివలి అడవిలో 2016లోను, 2024లోను పూచినది. ఈ లెక్కను పిల్లలనే కట్టి, తరువాతి పూతనాటికి తమ వయస్సెంతో చెప్పమనండి. నాలుగైదు ఏండ్ల చంటివాడు పన్నెండేండ్లవాడగును. తాతగారు మాత్రము వ్రేళ్ళు మడిచి ఊరకుంటారు. కార్వీ కఱ్ఱలను అల్లి, మట్టి, పేడ మెత్తి ఠాకరులు, కాత్కరీలు గుడిసెలకు గోడలు కట్టుకొంటారు.

మసాలా దినుసులు అమ్మే ఇండ్ల పిల్లలను చెట్ల బెరడుల వద్ద ఆపండి. బెరడుమీద బూడిదరంగున, లేత ఆకుపచ్చగా, అంచులు ముడతలుపడి పొలుసులవలె అంటుకొన్నది ఏమిటి? రాతిపువ్వుకు దాయాది. మరాఠీలో దగడ్‌ఫూల్, కన్నడములో కల్లుహూవు – ఆ భాషలవారు చూచి రాతిలో పూచిన పువ్వే యనుకొన్నారు. అది పువ్వు కాదు, ఆకు కాదు, అసలు ఒక ప్రాణియే కాదు. బూజుజాతిది ఒకటి, నాచుజాతిది ఒకటి కలిసి కాపురము చేసి ఒక్కటిగా కనబడుతున్నవి. బూజు ఇల్లు కట్టి తడి నిలుపుతుంది. నాచు ఎండతో అన్నము వండుతుంది. ఈ సంగతిని 1860ల చివర స్విట్జర్లాండు పండితుడు ష్వెండెనర్ చెప్పినప్పుడు తోటి పండితులు నవ్వినారు.

ఇవి గాలికి పరీక్షాధికారులు. వేళ్ళు లేవు గనుక గాలినుండి, వాననుండి వచ్చినదే తినవలెను. పొగలోని గంధకవాయువు వీటిలో చాలవాటికి పడదు. ఫారిసు నగరములో ఇవి మాయమగుచుండగా ఒక తోటలో మాత్రము మిగిలియున్నవని నైలాండర్ అనే శాస్త్రజ్ఞుడు 1866లోనే గమనించి, గాలి మంచిచెడ్డలను వీటివలన తెలియవచ్చునన్నాడు. కావున ఇంటికి తిరిగివచ్చిన మరునాడు మీ బజారువీధిలోని చెట్టు బెరడును పిల్లలచేత చూపించి, మాథేరాన్ బెరడుతో పోల్చి వ్రాయించండి. ఆ పోలిక చూచిన తరువాత దస్తూరి వద్ద మోటార్లను ఎందుకు ఆపుతారని ఎవరూ అడుగరు.

బజారు చేరేసరికి పిల్లలు అలసియుంటారు. అక్కడినుండి చార్లొట్ చెరువుదాకా మరికొంత నడిస్తే మంచి నీడ, చుట్టూ అడవి. ఊరికి త్రాగునీరు ఆ చెరువుదే. చేతులు కడుగుట, పొట్లములు విసరుట తగదు. అక్కడ కూర్చొని అయిదు నిమిషములు మాటలాడకుండ వినవలెను. వాగులుండే ఈ కొండలలో ఒక నల్లనినీలి పిట్ట ఉన్నది. దాని పాట రాగము తెలియని బడిపిల్లవాడు తోచినట్లు ఈలవేసినట్లుంటుంది. ఇంగ్లీషువారు దానికి సరిగా ఆ పేరే పెట్టినారు. వానకాలములో ఎక్కువగా పాడుతుంది. చలికాలములో వినబడితే అదృష్టమే.

ఆ నీడలోనే నోటుపుస్తకము తెరిచి పేర్లు వ్రాయించండి. ముందు తెలుగు, దాని ప్రక్కన మీరున్న దేశపు భాష. కరక్కాయ మరాఠీలో హిర్డా, కన్నడములో అళలెకాయి, అరవములో కడుక్కాయ్, ఒరియాలో హరిడా. నేరేడు మరాఠీలో జాంభూళ్, కన్నడములో నేరళె, అరవములో నావల్, ఒరియాలో జాముకోళి. ఆయా దేశపు పేరు వారికి బడిలో, బజారులో ఎట్లాగూ వస్తుంది. తెలుగుపేరు మాత్రము ఇంట్లోనుండే రావలెను, ఇంకొక చోటు లేదు. పేరును ఊరక వల్లె వేయించినంతమాత్రమున నిలువదు. అల్లి అనగానే వెలుతురులో ఈనెలు కనబడని దళసరి ఆకు, ఎఱ్ఱమట్టి, చిరివేరు కాగు గుర్తుకు రావలెను.

మాథేరాన్ దూరమైనవారు దానికోసము రైలెక్కనక్కరలేదు. బరంపురము వారికి తూర్పుకనుమలలో, చెన్నపట్నము, బెంగుళూరు వారికి జవ్వాదికొండలలో కరక్కాయ చెట్లున్నవి. యానాము వారికైతే ఇంటిముందే కోరింగ మడ అడవి, 1978లో అభయారణ్యమైనది. అక్కడ బురదమీద చెక్కలతో వేసిన బాటవెంట నడుస్తూ, మడచెట్ల వేళ్ళు ఊపిరికోసము బురదలోనుండి పైకి పొడుచుకొనివచ్చుట చూపవచ్చును. అక్కడి పాఠము వేరు, అడిగే ప్రశ్నలు వేరు. రాలినదాన్ని చూచుట, పేరును చివర చెప్పుట మాత్రము అదే.

ఇంటికి వచ్చిన తరువాత చేయదగిన పని ఒకటి ఉన్నది. కొట్టులోనుండి నాలుగు కరక్కాయలు తెచ్చి, గింజ తీసి, పెచ్చును నలుగగొట్టి, గ్లాసెడు వేడినీటిలో రాత్రంతా నానవేయండి. మరొక గాజుపాత్రలో తుప్పుపట్టిన మేకులు నాలుగు వేసి, కొంచెము బెల్లము కలిపిన నీరు పోసి, వదులుగా మూతపెట్టి పదిపదిహేను రోజులుంచండి. కాళహస్తిలో కలంకారీ వ్రాతగాండ్రు నల్లగీతలకు వాడేది ఇటువంటి ఇనుపనీరే. బట్టను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేసి, ఆపైన ఈ నీటితో గీస్తారు. పాలలోని జిడ్డుచేత గీత చెదరదు. మేకుల నీరు తయారైన తరువాత కరక్కాయ నీటిని క్రొత్తగా నానవేసి వడకట్టుకొని, పిల్లవానిచేత దానిలో మేకుల నీటిబొట్లు ఒకటొకటిగా వేయించండి. లేత పసుపుగా ఉన్న నీరు బొట్టు పడినచోట పొగవలె చీలి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము అని వ్రాసుకొన్న మొదటిమాట ఇప్పుడు పనికివస్తుంది. ఆ నీటిలో పుల్లను ముంచి కాగితముమీద కరక్కాయ అని తెలుగులో వ్రాయమనండి. వ్రాసినప్పుడు కొంచెము పలుచగా కనబడుతుంది, ఆరినకొద్దీ నలుపెక్కుతుంది.